ట్రాలీలో ఎడమ సీటు

హైదరాబాద్ వెళ్తున్నానంటే మా తణుకులో అందరూ చార్మినార్ గురించీ బిరియానీ గురించీ చెప్పి పంపించారు. ఐదు రోజుల్లో ఆ రెండూ నాకు ఎదురు కాలేదు. నేను చూసింది ఎక్కువగా నగరానికి తూర్పు వైపే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మీదుగా బాటసింగారం దాకా ఒక రోడ్డు, ఆ రోడ్డు మీద బతికేవాళ్ళ కళ్ళు.

నేను ఆప్టోమెట్రిస్టుని. కంటి డాక్టరుని కాదు, డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్ళాలో తేల్చే మనిషిని. ఒక సేవా సంస్థ పండ్ల వ్యాపారులకూ డ్రైవర్లకూ గ్లకోమా పరీక్షలు పెట్టింది. మన వైపు నీటికాసులు అంటాం. వాళ్ళకు మనుషులు చాలక నన్ను పిలిచారు. ఈ జబ్బుకు నొప్పి ఉండదు. కంటి వెనకాల నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది, చూపు అంచుల నుంచి లోపలికి పోతుంది. ఎదురుగా ఉన్నది చివరిదాకా బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. అందుకే పోకముందే పట్టుకోవాలి.

ఎల్బీనగర్‌లో దిగడం

బస్సు తెల్లారి ఐదున్నరకు దించింది. అప్పటికే ఫ్లైఓవర్ కింద ఆటోలు, మేస్త్రీల కోసం నిలబడ్డ కూలీలు. చాయ్ పదిహేను రూపాయలు. మా ఊళ్ళో పంచదార ఎంత వెయ్యాలని అడుగుతారు, ఇక్కడ అడగరు. పక్కనే గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒకావిడ ఇడ్లీ బండి. "ఏమండీ, అల్లం చట్నీయా, పల్లీయా?" అని ఆవిడ అడుగుతుంటే, "అక్కా, జర కారప్పొడి గూడ ఎయ్యి" అని ఆటో డ్రైవర్లు చెయ్యి చాపుతున్నారు. ఎవరి మాట వాళ్ళదే, ఎవరూ తడుముకోవడం లేదు. నాలుగు ఇడ్లీ నలభై.

బస దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్. నాలుగు మంచాల గది, భోజనంతో కలిపి రోజుకు మూడు వందల యాభై. మిగతా ముగ్గురూ గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నవాళ్ళు. నా పెట్టెలో పరికరాలు చూసి ముగ్గురూ వరసగా కళ్ళు చూపించుకున్నారు. ముగ్గురికీ అద్దాలు మార్చాలి. మారుస్తామన్నారు, పరీక్షలయ్యాక.

గడ్డిఅన్నారం

మొదటి శిబిరం ఒక కమ్యూనిటీ హాల్లో. పండ్ల మార్కెట్ ఇక్కడి నుంచి వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. పాత స్థలంలో పెద్ద దవాఖాన కడుతున్నారు. కానీ తోపుడు బండ్లు వెళ్ళలేదు. పండు బాటసింగారం నుంచి వస్తుంది, అమ్మేది మాత్రం ఇక్కడే.

శిబిరం పెద్ద బుచ్చన్న. యాభై ఐదేళ్ళుంటాయి. "మా తాత గీడ వరి పండించిండు తమ్మీ. ఇప్పుడు నేను కిరాయిలు పండిస్తున్న" అని తన మాటకు తానే నవ్వుతాడు. మనిషి మంచివాడు. సొంత డబ్బుతో అందరికీ మజ్జిగ పంచాడు.

మా ఊళ్ళో నేను ప్రతి మనిషికీ ఆరు పనులు చేస్తాను. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా, మధుమేహం ఉందా, కళ్ళలో చుక్కలు వాడారా అని అడగడం. అక్షరాల పట్టిక చదివించడం. పక్క నుంచి టార్చి వేసి, నల్లగుడ్డు పొర వెనక, కంటి లోపలి ముందు గదిలో చోటెంత ఉందో చూడడం. గాలి ఊదే యంత్రంతో కంటి ఒత్తిడి చూడడం. మనిషిని నా ముక్కు వైపే చూడమని, పక్కల నుంచి వేళ్ళు తెచ్చి ఎన్నో చెప్పమనడం. చివరిగా లెన్సు పెట్టి కంటి వెనక నరం మొదలును చూడడం. అది పళ్ళెంలాగా ఉంటుంది, మధ్యలో చిన్న గుంట. జబ్బు ముదిరేకొద్దీ గుంట పెద్దదవుతుంది, పళ్ళెం అంచు అరిగిపోతుంది. ఆరింటిలో అసలైనది ఇదే. ఎక్కువ సమయం పట్టేదీ ఇదే.

పది గంటలకే వరస బయటి రోడ్డు దాకా వెళ్ళింది. బుచ్చన్న వచ్చి నా చెవి దగ్గర అన్నాడు: "తమ్మీ, గిట్లయితే సగం మంది వాపస్ పోతరు. పట్టీ ఆఖరి లైను చదివి, ప్రెషర్ మంచిగుంటే పచ్చ కార్డు ఇచ్చి పంపియ్. లేనోళ్ళకే తక్కినయి చెయ్యి."

ఆ లెక్క తప్పని నాకు తెలుసు. మూడో ఏడు పరీక్షలో దాని మీదే ఒక ప్రశ్న రాశాను. ఒత్తిడి మామూలుగా ఉండి కూడా నరం చచ్చేవాళ్ళు ఉంటారు. అయినా వరసను చూసి సరే అన్నాను.

యాదయ్య మధ్యాహ్నం వచ్చాడు. నల్గొండ వైపు మనిషి, నలభై తొమ్మిదేళ్ళు. చిన్న ట్రాలీ నడుపుతాడు. రోజూ తెల్లారి బాటసింగారం వెళ్ళి పండు నింపుకొని వచ్చి ఇక్కడి బండ్లకు వేస్తాడు. భార్య సత్తెమ్మ ఎడమ భుజానికి ఆనుకున్నట్టే నిలబడింది. పట్టిక ఆఖరి లైను రెండు కళ్ళతోనూ ఆగకుండా చదివాడు. ఒత్తిడి కుడి పద్దెనిమిది, ఎడమ పంతొమ్మిది. ఇరవై ఒకటి లోపు మామూలే. ఎందుకో వేళ్ళు కూడా చూపిద్దామని ఎడమ పక్క నుంచి రెండు వేళ్ళు తెచ్చాను.

"రెండు" అంది సత్తెమ్మ.

"మీరు చెప్పకండమ్మా, ఆయన చెప్పాలి" అన్నాను.

యాదయ్య నవ్వాడు. "గీమెకు అలవాటు సారు. నాకు మెడ పట్టేసింది రెండేండ్ల సంది, తిరుగతలేదు. బండ్లె నా ఎడమ అద్దం గీమెనే."

"అద్దానికి జీతం లేదు సారు, చాయ్ గూడ పోయిస్తలేడు" అంది ఆమె. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. వెనక ఎవరో తొందర పెట్టారు, వేళ్ళ పరీక్ష అక్కడే వదిలేశాను. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా అని అడిగితే లేవన్నాడు. పచ్చ కార్డు మీద 'మామూలు' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

మూసారాంబాగ్

రెండో రోజు మూసీ వంతెనకు దగ్గర్లో. ఎండకు నది వాసన హాల్లోకి వచ్చి కూర్చుంది. మేం ముక్కుకు గుడ్డలు కట్టుకున్నాం, అక్కడివాళ్ళు ఎవరూ కట్టుకోలేదు. భోజనానికి బుచ్చన్న ఇంటి నుంచి జొన్న రొట్టె, చింతచిగురు పప్పు. మేం చింతచిగురు రొయ్యల్లో వేస్తామంటే, "ఆగం చేస్తరు గదా మంచి చిగురును" అన్నాడు.

ఆ రోజు ఒక దర్జీకి ఒత్తిడి ముప్పై నాలుగు వచ్చింది. కళ్ళు ఎర్రబడితే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు మూడేళ్ళుగా వేసుకుంటున్నాడట. ఎరుపు తగ్గించే ఆ మందే లోపల ఒత్తిడి పెంచింది. సీసా తీసి పక్కన పెట్టించి, ఆ రోజే దవాఖానకు పంపాం. సాయంత్రం బుచ్చన్న నా వీపు తట్టాడు, "చూసినవా, ప్రెషర్‌తోని దొరికిండు" అని. నాకూ మా కొత్త పద్ధతి మీద నమ్మకం కుదిరింది. దొరికినవాళ్ళను మాత్రమే చూసి కుదిరిన నమ్మకం అది. దొరకనివాళ్ళు మళ్ళీ వచ్చి చెప్పరు కదా.

ఎల్బీనగర్ ఆటో స్టాండు

మూడో రోజు డ్రైవర్లు. ఇక్కడ ఒక సంగతి గమనించాను. మా ఊళ్ళో జనం కంటి పరీక్షకు వచ్చి కనిపించేది కూడా కనిపించడం లేదంటారు, అద్దాలు ఇస్తారేమోనని. ఇక్కడ డ్రైవర్లు కనిపించనిది కూడా కనిపిస్తోందంటారు. లైసెన్సు భయం. ముందు వెళ్ళినవాడు బయటికి వచ్చి ఆఖరి లైను అక్షరాలు మిగతావాళ్ళకు చెబుతున్నాడు. ఒకాయన అయితే నేను పట్టిక తిప్పి పెట్టినా పాత వరసే చదివాడు.

"పెద్దాయనా, అది ఇందాకటి పట్టిక" అన్నాను.

"గట్లనా? ఇందాక గిదే పాస్ అయింది సారు" అన్నాడు.

సాయంత్రం సామాను సర్దుతుంటే యాదయ్య ట్రాలీ ఆపి దిగాడు. నాలుగు బంగినపల్లి కాయలు చేతిలో పెట్టాడు. "రేపు బాటసింగారంల క్యాంపు అంటున్రు గద. బస్సెందుకు సారు, మా బండ్ల రా. ఐదింటికి హాస్టల్ కాడికొస్త." మొహమాటపడ్డాను గానీ కాదనలేదు. మార్కెట్‌కు పండు కోసం పోయేవాళ్ళతో కలిసి వెళ్ళడం కంటే మంచి ప్రయాణం ఏముంటుంది అనుకున్నాను.

హయత్‌నగర్ దాటాక

ట్రాలీ ముందు భాగంలో ఇద్దరికి చోటు. ముగ్గురం ఇరుక్కున్నాం. నేను బయటివాణ్ణని సత్తెమ్మ మధ్యలోకి జరిగి నన్ను ఎడమ కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. మర్యాద అది. నా ఒళ్ళో పరికరాల పెట్టె.

వనస్థలిపురం దాకా సత్తెమ్మ మెడ చాపి, నా భుజం మీదుగా చూస్తూ చిన్నగా అంటూనే ఉంది. "బండి... ఆగు... పో." "బస్సు దిగుతున్రు... జర ఆగు... పో." మొగుడు జవాబివ్వడు, తల తిప్పడు. ఆమె 'పో' అంటే కాలు కదులుతుంది. మొదట నాకు ముచ్చటగా అనిపించింది. మాటల మధ్యలో తమ ఇల్లు, కిరాయి, కూతురు చదువుతున్న నర్సింగు కోర్సు చెబుతూనే, వాక్యం మధ్యలో ఆపి 'బండి' అంటుంది. మళ్ళీ అక్కడి నుంచే అందుకుంటుంది.

హయత్‌నగర్ దాటాక ఎండ నేరుగా ముఖం మీదికి వచ్చింది. నేను పెట్టె పైకెత్తి నీడ పెట్టుకున్నాను. అప్పుడే ఎడమ పక్క ఏదో తగిలిన చప్పుడు, ఆపైన డబ్బాలు దొర్లిన చప్పుడు. యాదయ్య బండి ఆపాడు.

సైకిలు మీద పాలు తీసుకెళ్ళే ముసలాయన. మా అద్దం ఆయన హ్యాండిలుకు తగిలింది. అదృష్టం కొద్దీ మట్టిలోకి పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది, ఒక క్యాను పాలు మొత్తం పోయాయి. నేను పెట్టెలోని దూదితో గాయం తుడిచి కట్టు కట్టాను.

"ఇంత మనిషిని అవుపడ్తలేనా? కండ్లు నెత్తికెక్కినయా?" అని ముసలాయన యాదయ్య మీద కేకలు వేశాడు.

యాదయ్య తల వంచుకున్నాడు. జవాబు చెప్పింది సత్తెమ్మ. "తప్పయింది పెద్దయ్యా. గీ సారు అడ్డమున్నడు, నాకు అవుపడలే."

దూది నా చేతిలోనే ఉండిపోయింది. నడిపింది ఆయన. కనపడలేదని క్షమాపణ అడుగుతున్నది ఆమె. ఆ మాటలో తేడా అక్కడ ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు.

పాల డబ్బులు ఇచ్చి పంపాక, "ఇప్పుడు నేను మధ్యలో కూర్చుంటాను" అన్నాను. మిగిలిన దారంతా సత్తెమ్మ కిటికీ దగ్గర కూర్చుని చెబుతూ వచ్చింది. నేను రోడ్డు చూడలేదు, యాదయ్య మెడ చూశాను. కుడి పక్క లారీ హారను కొట్టినప్పుడు ఆయన చటుక్కున కుడికి తిరిగి చూశాడు. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక చాయ్ బండివాడు వెనక నుంచి పిలిస్తే ఎడమకూ తిరిగాడు. మెడ బాగానే తిరుగుతోంది. తిరిగితే ఏమీ కనపడటం లేదు కాబట్టి తిప్పడం మానేశాడు. దానికి మెడ నొప్పి అని పేరు పెట్టుకున్నాడు.

బాటసింగారం

మామిడి సీజను. ఎకరాల కొద్దీ షెడ్లు, వరసగా లారీలు, గడ్డి పరిచిన ట్రేలు, వేలం పాటల అరుపులు. తోటలున్న మా గోదావరి వైపు కూడా ఇన్ని కాయలు ఒక్కచోట చూడలేదు. ఇంకో రోజు అయితే దాని గురించే నాలుగు పేజీలు రాసేవాణ్ణి.

శిబిరం మొదలుకాకముందే యాదయ్యను ఒక షెడ్డు వెనక బెంచీ మీద కూర్చోబెట్టాను. సత్తెమ్మను చాయ్ తాగి రమ్మని పంపించాను. ఆమె వెళ్ళలేక వెళ్ళింది.

"నా ముక్కునే చూడండి. వేళ్ళు కనపడగానే చెప్పండి." కుడి పక్క వెంటనే చెప్పాడు. ఎడమ పక్క నుంచి చెయ్యి తెచ్చాను. చెవి దగ్గర లేదు. చెంప దగ్గర లేదు. కంటి కొన దాటింది, ఇంకా ఏమీ అనలేదు.

"పెట్టు సారు చెయ్యి, చూస్తున్న" అన్నాడు. నా చెయ్యి అప్పటికి ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఉంది.

బండి మీది పాత టార్పాలిన్ తెచ్చి మా ఇద్దరి మీదా కప్పి, ఆ చీకట్లో లెన్సు పెట్టి నరం చూశాను. ఎడమ కంట్లో పళ్ళెం లేదు, అంతా గుంటే. అంచున సన్నని గీత మిగిలింది. కుడి కంట్లో సగం పోయింది, అది కూడా ముక్కు వైపు చూపు ఇచ్చే సగం. ఎడమ కన్ను చూడాల్సినది అది చూడదు, దానికి సాయం రావాల్సిన కుడి కన్నూ ఆ పక్క చూడదు. రోడ్డులో ఎడమ భాగం ఈ మనిషికి లేదు. ఎదురుగా ఉన్న అక్షరాలు మాత్రం ఎంత చిన్నవైనా చదువుతాడు.

"మీ నాన్నగారికి కళ్ళెలా ఉండేవి?" అని ఈసారి వేరే రకంగా అడిగాను.

"ఆఖరికి గుడ్డోడైండు సారు. మోతిబిందు అనుకున్నం. దవాఖానకు తోల్కపోలే."

మోతిబిందు అంటే శుక్లం. మొదటి రోజు జబ్బు పేరు పెట్టి అడిగాను. పేరు తెలియనివాడు లేదని కాక ఏం చెబుతాడు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన జేబులోంచి పచ్చ కార్డు తీసి నాకు చూపించాడు. "మొన్న నువ్వే రాసిస్తివి గద సారు, మంచిగున్నదని. మా ఓనరుకు గూడ చూపించిన."

"తప్పు రాశాను. చూడాల్సింది చూడకుండా రాశాను."

ఆయన కోప్పడితే బాగుండేది. కార్డు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "అద్దాలు పెడితే సక్కగైతదా?"

"అవదు."

"సీజన్ ఐపోనీ. నెల దినాలు. గప్పుడు పోదాం దవాఖానకు."

చాయ్ గ్లాసు పట్టుకుని సత్తెమ్మ ఎప్పుడొచ్చిందో షెడ్డు మూల నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. "తాళం చెవి ఇయ్యి" అంది.

"ఏమే, లోడు ఎవరు తీస్కపోతరు?"

"ఎవరన్న తీస్కపోనీ. పొద్దున ముసలాయన మట్టిల పడ్డడు. రోడ్డు మీద పడుంటే?" ఆమె చెయ్యి చాపే ఉంచింది. కాసేపటికి ఆయన ఇచ్చాడు. బుచ్చన్నకు విషయం చెబితే వెంటనే ఫోన్ తీసి వేరే డ్రైవరును పిలిపించాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "తమ్మీ, ఇయ్యాల ఆరూ చెయ్యి. ఎంతమంది వాపస్ పోతె గంతమంది పోనీ" అన్నాడు. మూడు రోజుల్లో పచ్చ కార్డులు తీసుకున్నవాళ్ళ జాబితా తీసి, అందరినీ మళ్ళీ పిలవాలని ఇద్దరం కూర్చుని ఫోన్లు మొదలుపెట్టాం. సగం మంది రామన్నారు. బాగుందని ఒకసారి చెప్పించుకున్నాక మళ్ళీ ఎందుకన్నారు.

పెద్ద దవాఖాన

ఐదో రోజు యాదయ్యా సత్తెమ్మలతో కలిసి నగరం లోపలి కంటి దవాఖానకు వెళ్ళాను. గిన్నెలాంటి యంత్రంలో గడ్డం పెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బొత్తాం నొక్కాలి. ఎడమ కంటి వంతు వచ్చినప్పుడు చాలాసేపు బొత్తాం చప్పుడు వినపడలేదు. కాగితం బయటికి వచ్చింది. ఎడమ కంటిది దాదాపు అంతా నలుపు, మధ్యలో గోరంత తెలుపు. నల్లగుడ్డు మీది పొర మందం కూడా కొలిచారు. పలచగా ఉంది. అలాంటి కళ్ళకు గాలి యంత్రం అసలు ఒత్తిడి కంటే తక్కువ చూపిస్తుంది.

డాక్టరమ్మ నెమ్మదిగా, దాచకుండా చెప్పారు. పోయింది రాదు. మిగిలింది ఉండాలంటే రోజూ చుక్కలు వెయ్యాలి, బతికినంతకాలం. బండి నడపకూడదు. కూతుర్ని కూడా తీసుకొచ్చి చూపించాలి.

యాదయ్య ఒక్కటే అడిగాడు. "మిగిలింది ఎన్నేండ్లుంటది?"

"చుక్కలు మానకపోతే చాలా ఏళ్ళు ఉండొచ్చు. మాట ఇవ్వలేను" అన్నారు ఆమె.

ఆయన మందుల కౌంటరుకు వెళ్ళాడు. నేనూ సత్తెమ్మా వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఫైలు ఆమె ఒళ్ళో ఉంది.

"సారూ, ఒకటడుగుత. అబద్ధం చెప్పకు."

"అడగండి."

"నేను పక్కన కూసొని చెప్పకపోతుంటే, ఈయనకు రెండేండ్ల కిందనే ఎర్కైతుండెనా?"

నాకు రెండు జవాబులు తోచాయి. రెండూ నిజమే. "తెలిసేదేమో. లేకపోతే ఎవరో ఒకరు బండి కింద పడి తెలిసేది."

"అంటే నేను మంచి చేసిన్నా, చెడు చేసిన్నా?"

"రెండూ చేశారమ్మా."

ఆమె ఫైలు అంచును వేలితో రుద్దింది. "నేను రెండిండ్లల్ల పని ఇడిసిపెట్టి బండెక్కిన సారు. ఆయన మెడకు తిప్పలుండొద్దని" అంది.

కౌంటరు నుంచి యాదయ్య వస్తున్నాడు, చుక్కల మందు డబ్బాను కళ్ళ ముందు పెట్టుకుని దాని మీది చిన్న అక్షరాలు చదువుకుంటూ. వరండాకు ఎడమ పక్క తలుపు తెరుచుకుంది. ఇద్దరు మనుషులు స్ట్రెచరు తోసుకుంటూ బయటికి వస్తున్నారు. ఆయన నడక తగ్గలేదు. సత్తెమ్మ నోరు తెరిచి, ఆగి, నా వైపు చూసింది. చెప్పొచ్చా అన్నట్టు.

"చెప్పండమ్మా" అన్నాను.

"బండి" అంది ఆమె, ఎప్పటిలాగే చిన్నగా. "ఆగు."

ఆయన ఉన్నచోటే ఆగిపోయాడు. స్ట్రెచరు ఆయన ఎడమ మోచేతికి బెత్తెడు దూరం నుంచి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందని ఆయనకు తెలియదు. ఆమె 'పో' అనేదాకా అక్కడే నిలబడి ఉన్నాడు.